పట్టికకు వెలుపలి గొట్టము: అనుమత ప్రతిబల నిర్ణయ చరిత్ర

కోవిల్పట్టి, విరుదునగరము, నరికుడి పరిసరముల నల్లరేగడి భూములలో తెలుగు మాతృభాషగాగల కుటుంబములు నెలకొని శతాబ్దములు గడచినవి. ఆ వలసగాథను కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలలో చిత్రించియున్నారు. పత్తి పండించిన ఈ జనులే కాలక్రమమున పత్తిని వడకు యంత్రశాలలకును యజమానులైరి. 1910లో కోయంబత్తూరున లక్ష్మీ మిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడుగారు తెలుగువారే; ఆ సంస్థ మిల్లు కోవిల్పట్టిలోను వెలసినది. 1936లో రాజపాళయము మిల్లును స్థాపించిన పి.ఎ.సి. రామస్వామి రాజాగారు తెలుగు మాటలాడు రాజుల కుటుంబమున జన్మించినవారు.

పత్తితోపాటు ఆవిరియు మన చరిత్రలో ప్రవేశించినది. 1930లలో పైకారా జలవిద్యుత్తు లభింపక పూర్వము, జలశక్తి వసతి లేని తావుల మిల్లులను నడపినది ముఖ్యముగా ఆవిరి యంత్రమే. విద్యుత్తు వచ్చిన పిదపను నూలునకు గంజి పెట్టుటకు, బట్టకు రంగు అద్దుటకు, ఉప్పుడు బియ్యము తయారు చేయుటకు ఆవిరి కావలసియే యున్నది. 1960లలో నరికుడి మీదుగా విరుదునగరము, మానామదురైల నడుమ వేసిన రైలు మార్గమునను తొలినాళ్లలో ఆవిరి యంజినులే నడచినవి. మన మిల్లుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా పెట్టుబడిని, పత్తి ధరను, కార్మికుల సంఖ్యను గూర్చి వ్రాయుదురు. ఆవిరిని మోసిన గొట్టమును గూర్చి వ్రాయువారు అరుదు. అట్టి గొట్టమునకు సంబంధించిన ఒక ప్రశ్న యొక్క చరిత్రను ఈ వ్యాసమున పరిశీలింతము.

ఆ ప్రశ్న యిది. ఒక యంత్రశాలకు గాని పీడన పాత్రకు గాని గొట్టము కావలసియున్నది. దొరకిన గొట్టపు లోహము పేరు నియమావళి పట్టికలో లేదు. దానిని వాడవచ్చునా? వాడినచో దానిపై ఎంత ప్రతిబలమును అనుమతింపవలెను?

ఆవిరియు చట్టమును

మన దేశమున ఈ విచారణకు మూలము ఒక విపత్తు. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు ప్రేలి పలువురు మరణించిరి. తత్ఫలితముగా 1864లో బెంగాలు శాసనసభ కలకత్తా నగరమునకును దాని శివారులకును వర్తించునట్లు బాయిలర్ల తనిఖీ చట్టమును చేసినది. తరువాత ఇతర రాష్ట్రములును తమ తమ చట్టములను చేసికొన్నవి. ఒక రాష్ట్రమున చెల్లిన బాయిలరు వేరొక రాష్ట్రమున చెల్లని స్థితి యేర్పడగా, కేంద్ర ప్రభుత్వము 1920లో ఒక సంఘమును నియమించెను. దాని నివేదిక ననుసరించి 1923లో భారత బాయిలర్ల చట్టము పుట్టి, 1924 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 1937నాటి సవరణచే కేంద్ర బాయిలర్ల బోర్డునకు చట్టమున చోటు లభించినది. ఆ బోర్డు రూపొందించినవే 1950నాటి భారత బాయిలరు నియమములు. 2025లో పార్లమెంటు కొత్త బాయిలర్ల చట్టమును చేయగా 1923నాటి చట్టము రద్దయినది.

పాత చట్టము బాయిలరుతోపాటు ఆవిరి గొట్టమును గూడ తన పరిధిలోనికి తెచ్చుకొనుట గమనింపదగినది. చదరపు సెంటీమీటరునకు 3.5 కిలోగ్రాములకు మించిన పీడనముతో ఆవిరి ప్రవహించు గొట్టముగాని, 254 మిల్లీమీటర్లకు మించిన లోపలి వ్యాసముగల ఆవిరి గొట్టముగాని తనిఖీకి లోబడవలసినదే. రైలు సంస్థల యంజిను బాయిలర్లకు మాత్రము ఆ చట్టము వర్తింపలేదు. గొట్టమునకు ఇంత గౌరవ మేల యన్న సందేహమునకు సమాధానము సులభము. ప్రేలుడులో పని చేయునది లోపల నిలువయున్న ఆవిరియు, వేడినీరును. అవి బయటపడుటకు బాయిలరు దేహము పగిలినను, దానికి తగిలించిన గొట్టము చీలినను ప్రక్కన నిలిచియున్న మనుష్యునికి భేదము లేదు.

ఐదవ వంతు ఎచ్చటిది?

గొట్టమునందలి పీడనము దాని గోడను చుట్టుకొలత వెంబడి లాగుచుండును. గోడయొక్క ప్రతి చదరపు మిల్లీమీటరు మోయుచున్న ఈ లాగుడునే ప్రతిబల మందురు. పీటర్ బార్లో పేర ప్రసిద్ధమైన సూత్రము ప్రకారము, పీడనమును వెలుపలి వ్యాసముచే గుణించి, గోడ మందమునకు రెండు రెట్లచే భాగించిన ఈ ప్రతిబలము వచ్చును. లోహమును క్రమముగా లాగుచు పోయిన కొంతవరకు అది సాగి, వదలినప్పుడు యథాస్థితికి వచ్చును. ఆ హద్దు దాటిన శాశ్వతముగా సాగును. ఇది లొంగుబాటు బలము. ఇంకను లాగిన తుదకు తెగును. తెగుటకు ముందు అది మోయగల గరిష్ఠ ప్రతిబలమే తెగుదల బలము. ఈ రెండింటికి చాల దిగువన నిలుపవలసిన హద్దే అనుమత ప్రతిబలము.

ఎంత దిగువన? ఈ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దిలో దేశమునకొక సమాధానము, కర్మాగారమునకొక సమాధానము ఉండెను. 1905 మార్చి 20వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు బ్రాక్టన్ పట్టణమున గ్రోవర్ పాదరక్షల కర్మాగారపు బాయిలరు ప్రేలి 58 మంది మరణించిరి. 1907లో ఆ రాష్ట్రము బాయిలర్లకు నియమములు చేసినది. 1911లో అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘము ఒక ఉపసంఘము నేర్పరచి, 1914నాటి తన తొలి నియమావళిని సిద్ధపరచినది. తెగుదల బలములో ఐదవ వంతును మాత్రమే అనుమతించుట ఆ కాలపు ఆచారము.

ఆ తొలి నియమావళిలోనే, అప్పటికే వాడుకలోనున్న బాయిలర్లకు సంబంధించిన భాగమున, మన ప్రశ్నకు ఒక ప్రాచీనమైన సమాధానము కలదు. రేకు తెగుదల బలము తెలియనప్పుడు ఉక్కునకు చదరపు అంగుళమునకు 55,000 పౌనులనియు, పోత పోయక సాగగొట్టిన ఇనుమునకు 45,000 పౌనులనియు భావింపవలెనని అది చెప్పినది. ఉక్కు విషయమున ఐదవ వంతు 11,000 పౌనులు. ఇందలి నీతి స్పష్టము: తెలియనిదానికి తక్కువ విలువను కట్టవలెను. రేకు మంచిదేమో యని ఆశించి ఎక్కువ విలువను కట్టుటకు ఆ నియమావళి అవకాశ మీయలేదు.

పీడన పాత్రలకు ప్రత్యేక భాగము 1925లో వెలువడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఉక్కు కొరతవలన ఐదవ వంతు నాల్గవ వంతుగా మారి, యుద్ధానంతరము స్థిరపడినది. 1999లో అది మూడున్నరవ వంతయినది. అనగా ఒకే ఉక్కునకు తరతరమునకు అనుమత ప్రతిబలము పెరుగుచు వచ్చినది. ఉక్కు తయారీ, వెల్డింగు, పరీక్షా విధానములు మెరుగుపడినకొలది భద్రతా గుణకమును తగ్గించుటకు ధైర్యము చిక్కినది. దీనినిబట్టి తెలియునదేమన, అనుమత ప్రతిబలము లోహముయొక్క సహజగుణము మాత్రమే కాదు. ఆ లోహమును గూర్చి మనకు గల జ్ఞానమునకును, దానిని తనిఖీ చేయు శక్తికిని అది కొలత.

పట్టికలో లేనిది, ఎవరును ఎరుగనిది

గొట్టముల నియమావళి కొరకు అమెరికాలో 1926లో ప్రారంభమైన కృషి 1935లో తాత్కాలిక ప్రమాణముగా వెలువడినది. పెట్రోలియము శుద్ధి కర్మాగారముల గొట్టములకు సంబంధించిన భాగము 1959లో విడిగా ప్రకటింపబడి, బి 31.3 అను పేర నేటికిని వృద్ధి చెందుచున్నది. మన ప్రశ్నకు అతి స్పష్టమైన సమాధానము అందు గలదు. అది పట్టికకు వెలుపలి గొట్టములను మూడు తెగలుగా విభజించినది.

మొదటిది పట్టికలో లేని లోహము. దీని పేరు నియమావళిలో లేకపోవచ్చును గాని, దీనికొక ప్రకటిత నిర్దేశపత్రము కలదు. రసాయన సంఘటనము, భౌతిక యాంత్రిక గుణములు, తయారీ పద్ధతి, ఉష్ణ సంస్కారము, నాణ్యతా నియంత్రణము అందు నిర్ణయింపబడియుండవలెను. అట్టిదానిని వాడవచ్చును. అనుమత ప్రతిబలమును పట్టికలోని లోహములకు వాడిన ప్రాతిపదికనే, లేదా అంతకంటె జాగ్రత్తయైన ప్రాతిపదికనే అనుసరించి కట్టవలెను.

రెండవది ఎవరును ఎరుగని లోహము. దీనికి నిర్దేశపత్రమే తెలియదు. పీడనమును మోయు భాగములకు దీనిని వాడరాదని నియమావళి నిష్కర్షగా నిషేధించినది.

మూడవది పాత గొట్టము. ఒక కర్మాగారమునుండి ఊడదీసి వేరొకచోట అమ్మబడునది. పట్టికలోని నిర్దేశమునకో, ప్రకటిత నిర్దేశమునకో చెందినదని గుర్తింపు నిలిచి, శుభ్రపరచి, మిగిలిన కనిష్ఠ మందమును కొలిచి, లోపములు లేవని పరీక్షించినచో దీనిని వాడవచ్చును.

మన ప్రాంతపు చిన్న పరిశ్రమలకు ఈ విభజన మిక్కిలి ముఖ్యము. పాత సామగ్రి అంగడిలో ఒక గొట్టము నిగనిగలాడుచు దొరకును. మందము గట్టిగానే యుండును. వెల కొత్తదానిలో సగముండవచ్చును. కాని దాని ధ్రువపత్రము పోయిన క్షణముననే అది మొదటి తెగనుండి రెండవ తెగలోనికి దిగజారినది. లోహము మారలేదు, దానిని గూర్చిన సాక్ష్యము నశించినది. బాయిలరు నియమముల క్రింద గొట్టములకు తయారీ, పరీక్షల ధ్రువపత్రము మూడు-ఎ అను నమూనాలో ఉండవలెనని పట్టుపట్టుటకు కారణ మిదియే. దానిని కేవలము కాగితపు తంతుగా తలచుట పొరపాటు.

ధ్రువపత్రము లేని గొట్టమునుండి ఒక ముక్క కోసి పరీక్షించి, వచ్చిన బలమునుబట్టి లెక్క కట్టిన చాలదా యని కొంద రడుగుదురు. చాలదు. ఒక ముక్క 480 మెగాపాస్కళ్ల తెగుదల బలమును చూపవచ్చును. మెగాపాస్కల్ అనగా చదరపు మిల్లీమీటరునకు ఒక న్యూటన్. కాని అనుమత ప్రతిబలమునకు ఆధారము నిర్దేశపత్రము హామీ యిచ్చిన కనిష్ఠ బలమే గాని, అదృష్టవశమున ఒక ముక్క చూపిన బలము కాదు. ప్రక్క గొట్టము అదే పోతలోనిదని యెవరు చెప్పగలరు? కావున పరీక్షలు ఒక గొట్టమును పట్టికలోని ఒక నిర్దేశముతో సరిపోల్చి తిరిగి ధ్రువీకరించుటకు ఉపకరించును. అప్పుడును లాగుడు పరీక్ష ఒక్కటియే గాక రసాయన విశ్లేషణ, తయారీ పద్ధతి, ఉష్ణ సంస్కారము అన్నియు సరిపోవలెను.

లెక్క యెట్లు కట్టుదురు?

ఒక ఉదాహరణము తీసికొందము. ప్రకటిత నిర్దేశముగల, పట్టికలో లేని ఒక ఉక్కు గొట్టమునకు కనిష్ఠ తెగుదల బలము 415 మెగాపాస్కళ్లు, కనిష్ఠ లొంగుబాటు బలము 240 అనుకొందము. బి 31.3 ప్రాతిపదిక తెగుదల బలములో మూడవ వంతును, లొంగుబాటు బలములో మూడింట రెండు వంతులను పోల్చి తక్కువదానిని గ్రహింపుమనును. మొదటిది 138, రెండవది 160. కావున సాధారణ ఉష్ణోగ్రతలో అనుమత ప్రతిబలము 138.

అదే ఉక్కును పీడన పాత్రల నియమావళి ప్రకారము లెక్కించిన, 415లో మూడున్నరవ వంతు 118 మాత్రమే. 1950నాటి భారత బాయిలరు నియమముల ప్రకారము తెగుదల బలమును 2.7చేతను, లొంగుబాటు బలమును 1.5చేతను భాగింపవలెను, తక్కువది 153. ఒకే ఉక్కునకు మూడు విలువలు. వీనిలో ఏది సత్యమని అడుగుట సరికాదు. ప్రతి నియమావళి తన అనుమత ప్రతిబలమునకు తగినట్లు తన మందపు సూత్రమును, అతుకుల తనిఖీని, నీటిపీడన పరీక్షను అమర్చుకొన్నది. ఒకదాని ప్రతిబలమును తెచ్చి వేరొకదాని సూత్రమున ఉంచుట రెండు వైద్యుల మందులను ఒకే పూట మ్రింగుటవంటిది.

ఉష్ణోగ్రత పెరిగిన లెక్క మారును. 300 డిగ్రీలవద్ద లొంగుబాటు బలము 180కి, తెగుదల బలము 400కు దిగినవనుకొన్నచో, ఇప్పుడు 133 కంటె 120 తక్కువ, అదియే హద్దు. చల్లని గొట్టమును పరీక్షించి వేడి గొట్టమును నమ్మరాదనుటకు ఇదియే కారణము. ఉష్ణోగ్రతాబద్ధమైన గుణములు ప్రకటింపబడని లోహమునకు సాధారణ ఉష్ణోగ్రతలోని విలువ లభించినను, ఆవిరి పనికి అది అక్కరకు రాదు.

అనుమత ప్రతిబలము తేలిన పిదపను పని మిగిలియే యున్నది. 168.3 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము, 7.11 మిల్లీమీటర్ల మందముగల గొట్టమును తీసికొందము. మందమున నూటికి పన్నెండున్నర పాళ్లు తక్కువగా నుండుటకు తయారీదారునకు సామాన్యముగా హక్కు కలదు. కావున నమ్మదగిన మందము 6.22 మాత్రమే. 138 ప్రతిబలముతో ఇది 10.2 మెగాపాస్కళ్ల పీడనమును మోయును. త్రుప్పునకు 1.5 మిల్లీమీటర్లు విడిచిన 7.7 అగును. గొట్టము అతుకులేనిది గాక, విద్యుత్తుచే నిలువు అతుకు వేసినదైనచో 0.85 అను అతుకు గుణకము చేరి 6.6కు దిగును. మొదటి అంకెలో దాదాపు మూడవ వంతు కేవలము జాగ్రత్త వలననే పోయినది. ఈ పోయిన భాగమే కార్మికుని ప్రాణమునకు కట్టిన కంచె.

వేడిమియు కాలమును

అధిక ఉష్ణోగ్రతలలో లోహమునకు మరియొక శత్రువు తోడగును. లొంగుబాటునకు చాల తక్కువయైన ప్రతిబలముననే అది ఏండ్ల తరబడి మెల్లగా సాగుచుండును. దీనినే క్రీప్ అందురు. దీనికొరకు నియమావళి లక్ష గంటలను కొలతగా గ్రహించినది. అనగా సుమారు పదకొండున్నర సంవత్సరములు. వేయి గంటలకు నూటికి 0.01 పాలు సాగించు సగటు ప్రతిబలము, లక్ష గంటలలో తెగగొట్టు సగటు ప్రతిబలములో నూటికి 67 పాళ్లు, కనిష్ఠ ప్రతిబలములో 80 పాళ్లు అను మూడు హద్దులు ముందు చెప్పిన రెండింటికి చేరును. అన్నింటిలో తక్కువదే గ్రాహ్యము.

కొత్త లోహమునకు లక్ష గంటల పరీక్ష ఎవరు చేసియుందురు? స్వల్పకాల పరీక్షలనుండి దీర్ఘకాలమును ఊహింపవలసి వచ్చును. తొమ్మిది పాళ్ల క్రోమియము, ఒక పాలు మాలిబ్డినముగల గ్రేడ్ 91 ఉక్కు ఇందుకు నిదర్శనము. పట్టికకు వెలుపలనుండి 1980లలో ప్రత్యేక అనుమతితో లోపలికి వచ్చి, విద్యుత్కేంద్రములలో విస్తారముగా వాడబడినది. దీర్ఘకాల పరీక్షల ఫలితములు సమకూరిన పిదప 2019 సంచికలో దాని అధికోష్ణ విలువలను తగ్గింపవలసి వచ్చినది. పట్టికలోని అంకెయు శాశ్వతము కాదని దీనివలన గ్రహింపవలెను.

హైదరాబాదున తయారైన గొట్టము

పట్టికకు వెలుపలి గొట్టమును పీడనకార్యమునకు నియోగించిన గొప్ప దృష్టాంతము తెలుగుదేశముననే కలదు. 1971లో హైదరాబాదున అణు ఇంధన సంస్థ వెలసినది. భారజల రియాక్టర్లకు కావలసిన జిర్కోనియం మిశ్రలోహపు పీడన గొట్టములు అచ్చట తయారగుచున్నవి. 220 మెగావాట్ల రియాక్టరున అట్టి గొట్టములు 306 ఉండును. దాదాపు 83 మిల్లీమీటర్ల లోపలి వ్యాసముగల ఒక్కొక్క గొట్టమున యురేనియం ఇంధనమును, సుమారు 290 డిగ్రీలవరకు వేడెక్కు భారజలమును ఉండును.

జిర్కోనియం రసాయన పాత్రలకు సంబంధించిన అమెరికా నియమావళి భాగమున కలదు. కాని అణు రియాక్టర్ల ప్రథమ శ్రేణి పీడన భాగములకు అనుమతించిన లోహములలో దానికి చోటు లేదు. ఒక పట్టికలో నుండుట వేరొక పట్టికకు ప్రవేశపత్రము కాదు. ఈ తరహా రియాక్టర్లకు మాతృస్థానమైన కెనడాలో ఇంజనీర్లు ఈ చిక్కును ప్రాతిపదిక నాశ్రయించియే విడదీసిరి. తెగుదల బలములో మూడవ వంతు, లొంగుబాటు బలములో మూడింట రెండు వంతులు, క్రీప్ హద్దులు అను నియమములనే రియాక్టరు ఉష్ణోగ్రతలోని గుణములకు వర్తింపజేసి, ఆ లోహమునకు ప్రత్యేక ప్రమాణమును వ్రాసికొనిరి.

అయినను అంకె యొక్కటియే రక్ష కాదని 1983 ఆగస్టు 1వ తేదీన తేలినది. కెనడాలోని పికరింగ్ రెండవ రియాక్టరున జిర్కలాయ్-2 పీడన గొట్టమొకటి చీలినది. గొట్టమును దాని వెలుపలి గొట్టమునకు తాకకుండ నిలుపు చుట్టలు స్థానము తప్పగా, తాకిన చల్లని తావున హైడ్రోజను చేరి పెళుసైన పొక్కులు కట్టినవి. గొట్టముపై ప్రతిబలము హద్దు దాటలేదు. హద్దును కట్టినవారు ఎరుగని క్షీణత లోహమున జరిగినది. పిమ్మట జిర్కోనియమునకు రెండున్నర పాళ్ల నియోబియము చేర్చిన మిశ్రలోహము దాని స్థానము నాక్రమించినది. 1990లలో రాజస్థాన్ రెండవ రియాక్టరునను, 2002 తరువాత మన తమిళనాటి కల్పాక్కమునందలి రెండు రియాక్టర్లలోను పాత గొట్టములను తీసి ఈ కొత్త గొట్టములను అమర్చిరి.

ఇందు మరియొక పాఠము కలదు. కెనడాలో ఈ గొట్టములను వేడిగా పిండి, చల్లగా లాగి తయారు చేయుదురు. హైదరాబాదున చల్లగా లాగుటకు మారుగా పిల్గర్ యంత్రమున రెండు దశలలో సన్నగించి, నడుమ కాచి మెత్తపరచు పద్ధతిని అవలంబించిరి. మిశ్రలోహము ఒకటియే యైనను తయారీ భిన్నము. తయారీ భిన్నమైన గుణములును భిన్నములే. కావున కెనడా అంకెలతోనే సరిపుచ్చుకొనక, మన గొట్టములపై మన పరీక్షలు జరుగవలసియుండెను. నిర్దేశపత్రమున తయారీ పద్ధతి ఏల యుండవలెనో దీనికంటె స్పష్టముగా చెప్పు నిదర్శనము లేదు.

ఉపసంహారము

కలకత్తానుండి హైదరాబాదువరకు సాగిన ఈ చరిత్రను సంగ్రహించిన మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, పట్టికలో లేకపోవుట దోషము కాదు. గుర్తింపు లేకపోవుట దోషము. రెండవది, అనుమత ప్రతిబలమును కట్టువాడు తాను అనుసరించు నియమావళి ప్రాతిపదికను తుదివరకు అనుసరింపవలెను. అనుకూలమైన అంకె నొకచోటనుండి, అనుకూలమైన సూత్రము నింకొకచోటనుండి ఏరుకొనరాదు. మూడవది, కట్టిన అంకె లోహము కొత్తగా నున్ననాటిది. త్రుప్పును, క్రీపును, హైడ్రోజనును కనిపెట్టుచుండుటకు తనిఖీ తప్ప మార్గాంతరము లేదు.

మన ప్రాంతమున నూలు మిల్లులు, అద్దకపు శాలలు, బియ్యపు మిల్లులు నడపుచున్న సోదరులకు ఈ విషయము దూరపు శాస్త్రచర్చ కాదు. గొట్టము కొనునాడు దాని వెలతోపాటు దాని ధ్రువపత్రమును, పోత సంఖ్యను అడిగి తీసికొని, యంత్రము ఉన్నంతకాలము భద్రపరచుట మన పూర్వులు భూమి దస్తావేజును భద్రపరచినంత ముఖ్యము. భూమి దస్తావేజు పోయిన ఆస్తికి చిక్కు వచ్చును. గొట్టపు దస్తావేజు పోయిన, బాయిలరు ప్రక్కన రాత్రి పని చేయు మనుష్యుని ప్రాణమునకు చిక్కు వచ్చును.